ఏడాదిగా ఐరన్ మాత్రలు వేసుకుంటున్నా రక్తం పెరగడం లేదెందుకు?

ప్రశ్న: నా వయసు 25. ఏడాదిగా ఐరన్ మాత్రలు వాడుతున్నా హీమోగ్లోబిన్ 10.4 దాటడం లేదు. ఎంసీవీ (ఎర్రకణం సగటు సైజు) 64, ఎర్రకణాలు 54 లక్షలు, ఫెరిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వ) 88, హెచ్‌బీఏ2 (హీమోగ్లోబిన్‌లో ఒక రకం) 5.4 శాతం. జన్యు పరీక్షలో ‘ఐవీఎస్ 1-5, జీ బదులు సీ’ అని వచ్చింది. ఒక్క అక్షరం మారితేనే రక్తం తగ్గుతుందా? మా మేనమామ కొడుకుతో పెళ్లి కుదిరింది. చేసుకోవచ్చా? – ఓ సోదరి, జగిత్యాల

జవాబు: మీకున్నది బీటా తలసేమియా మైనర్. అంటే మీరు క్యారియర్ మాత్రమే: అమ్మ నుంచి ఒకటి, నాన్న నుంచి ఒకటి వచ్చే రెండు బీటా జన్యువుల్లో ఒకదానిలోనే లోపం ఉంది. మన దేశంలో బీటా తలసేమియాకు అన్నిటికంటే ఎక్కువగా కారణమవుతున్నది మీ రిపోర్టులో ఉన్న ఈ మార్పే.

హీమోగ్లోబిన్‌లో రెండు ఆల్ఫా, రెండు బీటా గొలుసులుంటాయి. బీటా గొలుసు తయారీ సూచన 11వ క్రోమోజోమ్ మీద సుమారు 1,600 అక్షరాల జన్యువుగా ఉంటుంది. ఎముక మజ్జలో ఎర్రకణం తయారయ్యేటప్పుడు కణం ఆ జన్యువుకు ముందుగా ఆర్‌ఎన్‌ఏ అనే నకలు తీస్తుంది. అందులో పనికిరాని ముక్కలు రెండుంటాయి. మొదటిది 130 అక్షరాలు, రెండోది దాదాపు 850. వాటిని కత్తిరించి, మిగిలిన మూడు భాగాలను అతికించాకే అది కేంద్రకం దాటి బయటికి వస్తుంది. అక్కడ రైబోజోమ్ దాన్ని మూడేసి అక్షరాల చొప్పున చదువుతూ, ఒక్కో పదానికి ఒక్కో అమైనో ఆమ్లం చేర్చుతూ 146 ఆమ్లాల గొలుసు అల్లుతుంది.

మీ విషయంలో చిక్కంతా ఆ కత్తిరింపు దగ్గరే. ఎక్కడ కోయాలో కణానికి చెప్పేది పనికిరాని ముక్క మొదట్లో ఉండే కొద్ది అక్షరాలు. మొదటి ముక్కలో ఐదో అక్షరం ‘జీ’ ఉండాల్సిన చోట మీకు ‘సీ’ ఉంది. రిపోర్టులో ‘ఐవీఎస్ 1-5’ అంటే ఇదే. దాంతో ఆ గుర్తును పట్టుకోవాల్సిన అణువుకు పట్టు చిక్కదు. సరైన చోట కోత అరుదుగా పడుతుంది, ఎక్కువసార్లు అటో ఇటో పడుతుంది. అప్పుడు మూడేసి అక్షరాల లెక్క తప్పి, మధ్యలోనే ‘ఆపు’ అనే పదం ఎదురవుతుంది. అలాంటి నకళ్లను కణమే చాలావరకు నాశనం చేస్తుంది. సికిల్ సెల్‌లో ఇలా కాదు. అక్కడ గొలుసు పూర్తిగానే తయారవుతుంది, 6వ స్థానంలో ఒక్క ఆమ్లం మాత్రం తప్పుగా చేరుతుంది. మీకు తయారైన గొలుసు మంచిదే, రాశి తక్కువ.

రెండో జన్యువు సరిగ్గా పనిచేస్తోంది కాబట్టి మీ రక్తం 10 దగ్గర నిలబడింది. కణాలు చిన్నవైనా సంఖ్యలో తక్కువ లేవు. ఎంసీవీ 64ను ఎర్రకణాల సంఖ్య 5.4తో (54 లక్షలంటే 5.4 మిలియన్లు) భాగిస్తే దాదాపు 12 వస్తుంది. ఇది 13 లోపు ఉంటే ఐరన్ లోపం కంటే తలసేమియానే ముందు అనుమానించాలి. ఏడాది కిందటే ఎవరో ఒకరు ఈ చిన్న భాగహారం చేసి ఉండాల్సింది. ఫెరిటిన్ 88 ఉంది గనుక ఐరన్ మాత్రలు ఆపేయండి. కొరత ఐరన్‌ది కాదు, గొలుసుది. గర్భం వచ్చినప్పుడు ఫెరిటిన్ మళ్లీ చూపించుకుని, తగ్గితేనే ఐరన్ వాడాలి. ఫోలిక్ యాసిడ్ మోతాదును గర్భానికి ముందే మీ డాక్టర్‌తో మాట్లాడి నిర్ణయించుకోండి.

ఇక పెళ్లి సంగతి. ముందు మీ అమ్మానాన్నలకు సీబీపీ (రక్తకణాల లెక్క), హెచ్‌పీఎల్‌సీ (హీమోగ్లోబిన్ రకాలను విడదీసి కొలిచే పరీక్ష) చేయించండి. ఈ మార్పు అమ్మ నుంచి వచ్చిందని తేలితే, మీ బావకు కూడా అదే ఉండే అవకాశం నాలుగింట ఒక వంతు. నాన్న వైపు నుంచి వచ్చినా బావకు పరీక్ష తప్పదు. ఆయనకు బీటా తలసేమియా గానీ, బీటా గొలుసులోనే వచ్చే ఇతర లోపాలైన హెచ్‌బీఈ లేదా సికిల్ గానీ లేకపోతే నిశ్చింతగా చేసుకోండి. పిల్లలు మహా అయితే మీలాగే క్యారియర్లవుతారు. ఇద్దరూ బీటా తలసేమియా క్యారియర్లయితే, ప్రతి కాన్పులోనూ బిడ్డకు జబ్బు తీవ్రంగా వచ్చే ముప్పు 25 శాతం. మొదటి బిడ్డ బాగా పుడితే రెండో బిడ్డకు ముప్పు తగ్గుతుందనుకోవద్దు. అలాంటి బిడ్డలో బీటా మరీ తగ్గిపోయి, జత దొరకని ఆల్ఫా గొలుసులు పేరుకుని మజ్జలోనే కణాలను చంపేస్తాయి. సాధారణంగా పుట్టిన మొదటి రెండేళ్లలోనే రక్తం ఎక్కించడం మొదలవుతుంది.

ఇద్దరూ క్యారియర్లే అయినా పెళ్లి చేసుకోవాలనుకుంటే, గర్భం రాకముందే ఇద్దరి జన్యుమార్పులూ రాతపూర్వకంగా చేతిలో ఉండాలి. అప్పుడే 11 నుంచి 13 వారాల మధ్య మావి నుంచి చిన్న ముక్క తీసి బిడ్డకు ఏముందో చూడగలం. బావకు గత మూడు నెలల్లో రక్తం ఎక్కించి ఉంటే హెచ్‌పీఎల్‌సీ ఇప్పుడు చేయించకండి, ఫలితం తప్పుదారి పట్టిస్తుంది. ఐరన్ బాగా తక్కువగా ఉన్నా, క్యారియర్లలో ఎక్కువగా కనిపించాల్సిన హెచ్‌బీఏ2 కిందికి దిగి క్యారియర్ పరీక్షకు దొరక్కుండా తప్పించుకుంటాడు. అందుకే ఆయనకు ఫెరిటిన్ కూడా చూపించండి. హెచ్‌బీఏ2 3.5 దరిదాపుల్లో ఊగిసలాడితే జన్యు పరీక్షకు పంపండి.