ట్యాప్ మార్చినా ప్యూరిఫయర్ నుంచి చుక్కలు పడుతూనే ఉన్నాయి, ఎందుకు?

ఆర్వో ప్యూరిఫయర్ ట్యాప్ కట్టేశాక కూడా కాసేపు చుక్కలు పడుతున్నాయి, మెకానిక్ రెండుసార్లు ట్యాప్ మార్చినా అంతే, అసలు చుక్క పడకుండా తయారుచేయలేరా అని అడిగారు. చేయొచ్చు. హైదరాబాద్ బాలానగర్‌లో ప్లాస్టిక్ మోల్డులు చేసే ఒక చిన్న వర్క్‌షాపులో ఉన్నప్పుడు ఇలాంటి ట్యాప్ మీదే నేను ఏడాదికి పైగా పనిచేశాను. అక్కడ తెలుసుకున్నవే చెబుతాను.

ముందు ఈ రాత్రి ఒక పని చేయండి. పడుకోబోయే ముందు ట్యాప్ కింద గ్లాసు పెట్టి, పొద్దున్నే ఎన్ని నీళ్లు పడ్డాయో చూడండి. మా ఇంట్లో ట్యాప్ కారుతోందని అమ్మ రోజూ రాత్రి చెంబు పెట్టేది. ఒకరోజు కొలిచి చూస్తే అందులో ఉన్నవి చెంచాడు కూడా లేవు, 3 మిల్లీలీటర్లకు అటూ ఇటూ. వాషర్ నిజంగా లీకైతే లెక్క ఇలా ఉండదు. ఉజ్జాయింపుగా 20 చుక్కలు ఒక మిల్లీలీటరు అనుకోండి. సెకనుకో చుక్క చొప్పున పడితే గంటకు 180 మిల్లీలీటర్లు, ఎనిమిది గంటలకు దాదాపు లీటరున్నర. చెంబు నిండి పొర్లాలి.

మరి ఆ 3 మిల్లీలీటర్లు ఎక్కడివి? ట్యాప్ లోపల నీటిని ఆపే సిలికాన్ బిరడా (వాషర్ అంటున్నది దీన్నే) పైన, మీటకు దగ్గరగా ఉంటుంది. అక్కణ్ణుంచి మూతి దాకా ఒక గొట్టం. లోపలి వ్యాసం 8 మి.మీ., పొడవు 60 మి.మీ. ఉంటే అందులో పట్టేది సరిగ్గా 3 మిల్లీలీటర్లే. అంటే సుమారు 60 చుక్కలు. స్ట్రాను నీళ్లలో ముంచి పైన వేలు పెట్టి ఎత్తితే నీళ్లు అందులోనే నిలుస్తాయి కదా, ఇదీ అంతే. పైన బిరడా మూసుకుంది, కింద నుంచి గాలి దూరే దారి ఇరుకు. ఎవరైనా వంటగట్టుకు తగిలినా, పంపు ఆన్ అయి అదిరినా, ఓ బుడగ పైకెక్కుతుంది, నాలుగు చుక్కలు కిందపడతాయి. మీ మెకానిక్ అదే తరహా ట్యాప్ ఎన్నిసార్లు మార్చినా ఆ గొట్టం పొడవు మారదు.

మేమూ మొదట తప్పుదారే పట్టాం. స్ప్రింగు బలం చాలలేదనుకుని గట్టిది వేశాం. చుక్కలు తగ్గలేదు సరికదా, కీళ్లనొప్పులున్న మా పెద్దమ్మ మీట నొక్కలేకపోయింది. ఆవిడ రెండు చేతులతో మీట పట్టుకుని ఉంటే గ్లాసు ఎవరు పట్టుకోవాలి? అప్పుడు నాకు నిజంగా బాధేసింది. తర్వాత బిరడాకు కాస్త కింద, గొట్టం పైవైపు గోడకు సన్నటి రంధ్రం పెట్టాం. మీట వదలగానే గాలి లోపలికొచ్చి, గ్లాసు ఇంకా కింద ఉండగానే గొట్టం ఖాళీ అయ్యేది. ఇది బాగా పనిచేసింది. కానీ వేసవి రాగానే ఆ రంధ్రంలోకి చీమలు దూరాయి. తాగే నీళ్ల దారిలో చీమలు! వెంటనే దాన్ని పక్కన పెట్టేశాం.

చివరికి నిలిచింది మూడో పద్ధతి. బిరడానే కిందికి, మూతి దగ్గరికి తెచ్చాం. మీటకూ బిరడాకూ మధ్య పొడవాటి కడ్డీ ఒకటి అదనంగా చేరింది, ఖర్చు కొంచెం పెరిగింది. బిరడా కింద మిగిలే నీళ్లు మాత్రం అర మిల్లీలీటరు లోపుకు వచ్చాయి, అవి కూడా మీట వదిలిన వెంటనే పడిపోతాయి. మూతి అంచు విషయంలోనూ చాలా తంటాలు పడ్డాం. చూడ్డానికి నున్నగా, గుండ్రంగా ఉన్న అంచును నీళ్లు వదలవు, దాన్ని పట్టుకుని వెనక్కి పాకుతాయి. కొమ్ముచెంబు అంచు పలచగా ఉంటే ధార తెగినట్టు ఆగుతుంది, మందంగా ఉంటే చెంబు కడుపు మీదుగా కారుతుంది, గమనించే ఉంటారు. అందుకే అంచు పలచగా, కాస్త ఏటవాలుగా కోశాం.

బాత్‌రూమ్ ట్యాప్ లాంటిది బిగిస్తే సరిపోదా అని కొందరు అడుగుతారు. ప్యూరిఫయర్ ట్యాంకులో నీటిమట్టం 25 సెంటీమీటర్లు ఉంటే ఒత్తిడి 0.025 బార్ మాత్రమే. పది మీటర్ల ఎత్తున్న ఓవర్‌హెడ్ ట్యాంకు నుంచి వచ్చే ఒత్తిడి దాదాపు 1 బార్. ఇంత తక్కువ ఒత్తిడిలో ధార సరిగ్గా రావాలంటే లోపల దారి వెడల్పుగా ఉండాలి, మూసుకోవడానికి మెత్తటి సిలికాన్, తేలికైన స్ప్రింగు కావాలి.

ఇక పొద్దున గ్లాసు నిండా నీళ్లుంటే అది వాషరే. దాని మీద తెల్లటి ఉప్పు పేరుకుందేమో చూడండి. వెనిగర్‌లో కాసేపు నానబెట్టి కడిగితే పోతుంది. సిలికాన్ చిరిగి ఉంటే మార్చక తప్పదు.

ట్యాప్ దగ్గర కాకుండా మెషిన్ అడుగు నుంచి తడి వస్తుంటే పైపు జాయింట్లు చూడండి. సన్నటి తెల్ల పైపును కత్తెరతో ఏటవాలుగా కోస్తే లోపలి రబ్బరు రింగు మీద సరిగ్గా కూర్చోదు. పైపుకు అడ్డంగా, తిన్నగా కోసి, ఆగేదాకా లోపలికి నెట్టాలి. ప్లాస్టిక్ మరల మీద టెఫ్లాన్ టేపు మరీ మందంగా చుట్టి బిగిస్తే బయటి భాగం పగులుతుంది. ఇలాంటి పగుళ్లు నేను చాలా చూశాను.

ఎవరూ గమనించని కారుడు మరొకటుంది, వ్యర్థ నీటి పైపులో. ప్యూరిఫయర్ స్విచ్ ఆపి పావుగంట ఆగి ఆ పైపు చూడండి. నీళ్లను లోపలికి వదిలే సోలెనాయిడ్ వాల్వ్ కరెంటుతో తెరుచుకుంటుంది, కరెంటు లేనప్పుడు మూసుకుని ఉండాలి. అప్పుడు కూడా చుక్కలు ఆగకపోతే అందులో ఇసుకరేణువు ఇరుక్కుని ఉండొచ్చు, లేదా వాల్వ్ పాడై ఉండొచ్చు. ఆ నీళ్లు రాత్రింబవళ్లు సింకులోకి పోతూనే ఉంటాయి.

చుక్కల కోసం కింద ట్రే పెట్టినట్టయితే వారానికి ఒకసారైనా తప్పకుండా పారబోసి, తుడిచి ఆరబెట్టండి. డెంగీ తెచ్చే దోమకు ఆ కాసిన్ని నిల్వ నీళ్లు చాలు గుడ్లు పెట్టడానికి. ప్యూరిఫయర్ కింద ప్లగ్ సాకెట్ ఉంటే దాన్ని పక్కకు మార్పించండి.

కొత్తది కొనేటప్పుడు షాపులో నీళ్లు పోసి చూపించమనండి. గ్లాసు నింపి, మీట వదిలి, కింద అరచేయి పెట్టి ఒక నిమిషం ఆగండి. తర్వాత మెషిన్‌ను వేలితో మెల్లగా తట్టండి. అప్పుడు కూడా అరచేయి పొడిగా ఉంటే ఆ ట్యాప్ తీసుకోవచ్చు.