బ్రెస్ట్ డాప్లర్ మొదలుపెడుతున్న అమ్మాయికి

అమ్మాయీ,

వచ్చే నెల నుంచి బ్రెస్ట్ క్లినిక్‌లో పోస్టింగ్ అని, గడ్డ మీద కలర్ (రక్తప్రవాహాన్ని రంగుల్లో చూపే డాప్లర్ అల్ట్రాసౌండ్) పెట్టాక ఏం చూడాలో చెప్పమని రాశావు. అసలు ఆ బటన్ నొక్కేముందే గ్రేస్కేల్‌లో, అంటే మామూలు నలుపు-తెలుపు చిత్రంలో, చూడాల్సిందంతా చూసెయ్. ఆకారం, అంచులు, అడ్డంగా ఉందా నిలువుగా ఉందా, వెనక నీడ పడుతోందా. నిర్ణయం అక్కడే జరగాలి. 2013 నాటి బైరాడ్స్‌లోనూ (రొమ్ము స్కాన్ రిపోర్టులు రాసే ప్రామాణిక పద్ధతి) రక్తప్రసరణను అనుబంధ లక్షణాల్లోనే చేర్చారు: లేదు, లోపల ఉంది, అంచున ఉంది, అంతే.

ఇక నీ చెయ్యి. రొమ్ములోని సన్నటి రక్తనాళాలు ప్రోబ్ (చర్మం మీద ఆన్చే స్కాన్ పరికరం) బరువుకే మూసుకుపోతాయి. జెల్ ధారాళంగా వేసి, చిటికెన వేలు ఛాతీ మీద ఆన్చి, ప్రోబ్ చర్మాన్ని తాకీ తాకనట్టు పట్టుకో. బాగా కనిపిస్తున్న రంగు కాస్త నొక్కగానే మాయమవడం నువ్వే ఒకసారి చేసి చూడు. వేగం స్కేలు సెకనుకు 5 సెంటీమీటర్ల లోపు, నెమ్మది ప్రవాహాన్ని వడగట్టేసే వాల్ ఫిల్టర్ తక్కువ, కలర్ బాక్స్ గడ్డ చుట్టూ కొంచెం చోటు వదిలేంత. గెయిన్ (రంగు సిగ్నల్ తీవ్రత) పెంచుతూ పో, తెర మీద చుక్కలు మొదలవగానే ఒక మెట్టు దించు. పవర్ డాప్లర్ (దిశ కాక సిగ్నల్ బలాన్ని చూపే రకం) నెమ్మది ప్రవాహాన్ని ఇంకా బాగా పడుతుంది కానీ, ఊపిరి కదలికకే బాక్సంతా రంగు నిండిపోతుంది. ఓ క్షణం ఊపిరి బిగబట్టమను.

కొవ్వో గడ్డో తేలకపోతే పవర్ డాప్లర్ పెట్టి పేషెంటును 'ఊఁ' అని సాగదీయమను. మామూలు కణజాలం అదిరి రంగు నిండుతుంది, గడ్డ ఉన్నచోటు తరచుగా ఖాళీగా ఉంటుంది.

తిత్తిలో పేరుకున్న చిక్కటి ద్రవమనుకున్నదాంట్లో నాళం కనిపిస్తే అది ఘన పదార్థమే, బయాప్సీకి పంపు. కనిపించనంత మాత్రాన ద్రవమేనని రాయకు. గడ్డలోకి నిటారుగా చొచ్చుకుపోయే వంకర నాళాలు అనుమానం పెంచుతాయి, నిజమే. కానీ వయసులో ఉన్న పిల్లల ఫైబ్రోఅడినోమాలు (క్యాన్సర్ కాని గడ్డలు), ముఖ్యంగా గర్భంలోనూ పాలిచ్చేటప్పుడూ, రంగుతో నిండిపోవచ్చు. చిన్న క్యాన్సర్లలో, జిగురు పదార్థం నిండిన మ్యూసినస్ రకంలో చుక్క రంగు కూడా లేకపోవచ్చు. అందుకే అంచులు చెడ్డగా ఉన్న గడ్డను 'రంగు లేదు, ఆర్నెల్ల తర్వాత రండి' అని ఎప్పుడూ పంపెయ్యకు. ఎన్నాళ్లో దాచుకుని, సిగ్గు చంపుకుని వచ్చిన మనిషి అయ్యుండొచ్చు. మళ్లీ వస్తుందన్న నమ్మకం లేదు. నాకు అన్నిటికంటే భయం ఈ మాటంటేనే.

బయాప్సీకి ముందు సూది దారిలో నాళముందేమో డాప్లర్‌తో చూసుకుని, ఉంటే దారి మార్చు. చంకలోని లింఫ్ గ్రంథులూ వదలకు: రక్తం హైలం (గ్రంథిలోకి నాళాలు మామూలుగా వెళ్లే మధ్యభాగం) నుంచి కాక అంచుల నుంచి లోపలికి వెళ్తోందంటే ఆగి చూడు.

తెర మీద ఎరుపు కనబడగానే చాలామంది బెదిరిపోతారు. ఎరుపంటే ప్రోబ్ వైపు వచ్చే రక్తం, నీలమంటే దూరంగా వెళ్లేది, అంతేనమ్మా అని ముందే చెప్పు. ఆ తర్వాతే కలర్ పెట్టు.

ఆశీస్సులతో,
మీ మేడమ్