చదివింది నిలవడం లేదంటే ముందు ఆ రాత్రి మాత్ర సంగతి చూడాలి

ప్రశ్న: నాకు 48 ఏళ్లు. గాజువాకలో ఉంటాం. ప్రమోషన్ కోసం డిపార్ట్‌మెంట్ పరీక్షకు చదువుతున్నాను. రాత్రి ఎంత శ్రద్ధగా చదివినా తెల్లారేసరికి సగం కూడా గుర్తుండడం లేదు. చిన్నప్పుడు నేర్చుకున్న పదహారో ఎక్కం మాత్రం ఇప్పటికీ తడుముకోకుండా చెప్పగలను. షుగర్‌కు తొమ్మిదేళ్లుగా మెట్‌ఫార్మిన్ వాడుతున్నాను. నిద్ర సరిగా పట్టక ఎనిమిది నెలలుగా రాత్రి తొమ్మిదిన్నరకు అల్ప్రజోలామ్ 0.5 మి.గ్రా. వేసుకుని, నిద్ర వచ్చేదాకా చదువుకుంటాను. జ్ఞాపకశక్తికి మంచి టానిక్ ఏదైనా చెప్పగలరు.

జవాబు: మీరు టానిక్ పేరు అడిగారు. నేను మాత్రం చివర్లో మీరు మామూలు విషయంలా రాసిన ఆ రాత్రి మాత్ర దగ్గరే ఆగిపోయాను. మిమ్మల్ని పరీక్షించకుండా ఇదే కారణమని ఖాయంగా చెప్పలేను గానీ, అనుమానించాల్సిన వాటిలో మొదటిది అదే.

చదివిన విషయం మెదడులో వెంటనే స్థిరపడదు. మెదడు లోపలి భాగంలో, చెవులకు ఎదురుగా రెండు వైపులా ఉండే హిప్పోక్యాంపస్ కొత్త సమాచారాన్ని ముందుగా అందుకుని, ఆ తరువాత రోజులు, నెలలు, ఒక్కోసారి సంవత్సరాల తరబడి మెదడు పైపొరలో పాదుకునేలా చేస్తుంది. 1953లో అమెరికాలో హెన్రీ మొలైసన్ అనే 27 ఏళ్ల యువకుడికి మూర్ఛ తగ్గడం కోసం రెండు వైపులా ఈ భాగాన్ని చాలావరకు తొలగించారు. ఆ తరువాత ఆయనకు బాల్యం గుర్తుంది, మాట పోలేదు, తెలివి తగ్గలేదు, కానీ కొద్దిసేపటి క్రితం మాట్లాడి వెళ్లిన మనిషి మళ్లీ వస్తే ఎవరో కొత్తవారనుకునేవారు. పాత జ్ఞాపకం పదిలంగా ఉండి, కొత్తది మాత్రం నిలవకపోవడం సాధ్యమేనని వైద్యలోకానికి స్పష్టంగా తెలిసింది ఆయన వల్లే. మీ ఎక్కం చెక్కుచెదరకుండా ఉండి, నిన్న చదివిన నిబంధన జారిపోవడంలో వింత లేదనడానికే ఇది చెబుతున్నాను. మీకు ఆయనంతటి నష్టం జరిగిందని దయచేసి భయపడకండి.

అల్ప్రజోలామ్ జాతి మందులు సరిగ్గా ఈ మొదటి మెట్టు మీదే దెబ్బ కొడతాయి. మాత్ర పనిచేస్తున్న గంటల్లో చదివింది అప్పటికి అర్థమైనట్టే ఉంటుంది, పేజీలూ తిరుగుతాయి, కానీ నిలవాల్సినట్టు నిలవదు. అంతకుముందు నేర్చుకున్నదాన్ని ఆ మందు చెరిపేయదు. మీరు తొమ్మిదిన్నరకు మాత్ర వేసుకుని, ఆ తరువాతే పుస్తకం పట్టుకుంటున్నారు. పైగా ఆ మాత్రతో వచ్చే నిద్రలో గాఢనిద్ర పాలు తగ్గుతుంది. పగలు నేర్చుకున్నదాన్ని మెదడు మళ్లీ మళ్లీ నెమరు వేసుకుని గట్టిపరచుకునేది ముఖ్యంగా ఆ గాఢనిద్రలోనే.

ఓపీలో ఈ మాత్రల పట్టీలను వారంలో ఎన్నోసార్లు చూస్తుంటాను. చొక్కా జేబులోంచి తీసి బల్ల మీద పెడతారు. పదింటిలో నాలుగు మాత్రలే మిగిలి ఉంటాయి, పేరూ గడువు తేదీ ఉన్న అంచు కత్తెరతో తెగిపోయి ఉంటుంది. చీటీ ఏదని అడిగితే, ఎప్పుడో ఎవరో పది రోజులకు రాశారనీ, అప్పటినుంచి మందుల షాపులో పట్టీ చూపించి తెచ్చుకుంటున్నామనీ చెబుతారు. ఇది షెడ్యూల్ హెచ్‌1 మందు. డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదు, అమ్మిన ప్రతిసారీ షాపువారు విడిగా రిజిస్టరులో రాయాలి. ఇంత కట్టడి ఊరికే పెట్టలేదు. ఎనిమిది నెలల్లో ఒక్కసారైనా ఆ మాత్ర ఇంకా అవసరమా అని డాక్టరును అడిగి ఉంటే బాగుండేది. చదువుకున్నవారు, మీకు నేను ఇంతకన్నా గట్టిగా చెప్పనక్కరలేదు.

అయితే ఇది చదివి ఈ రాత్రే మాత్ర మానేయకండి. ఇన్ని నెలలు వాడినదాన్ని ఒక్కసారిగా ఆపితే నిద్ర పూర్తిగా పోవడం, చేతులు వణకడం, విపరీతమైన ఆందోళన, కొందరిలో ఫిట్స్ కూడా రావచ్చు. వారాల తరబడి కొంచెం కొంచెంగా, డాక్టరు పర్యవేక్షణలోనే తగ్గించాలి. ఈ మాత్ర వాడుతున్నంత కాలం మద్యం ముట్టకూడదు. రెండూ కలిస్తే ఊపిరి మందగించి ప్రాణం మీదికి రావచ్చు.

మెట్‌ఫార్మిన్ దీర్ఘకాలం వాడేవారిలో విటమిన్ బి12 తగ్గే అవకాశం ఉంది. గ్యాస్ మాత్రలు కూడా రోజూ వేసుకుంటుంటే ఆ అవకాశం మరింత ఎక్కువ. అందువల్ల బి12, థైరాయిడ్, మూడు నెలల షుగర్ సగటు పరీక్షలు చేయించండి. లోపం తేలితే దానికే చికిత్స. లోపం లేనివారికి టానిక్ వల్ల జ్ఞాపకశక్తి పెరుగుతుందనడానికి నమ్మదగిన ఆధారం లేదు.

చదువు విషయానికి వస్తే, మాత్ర సంగతి తేలేవరకు పుస్తకాన్ని ఉదయానికి మార్చండి. చదివిందే మళ్లీ చదవడం కన్నా పాఠం అప్పజెప్పడం మేలు. మీ ఎక్కం నలభై ఏళ్లు నిలిచింది అలాగే. మాస్టారు అడిగేవారు, మీరు పుస్తకం చూడకుండా చెప్పేవారు, తప్పితే సరిదిద్దేవారు, నాలుగు రోజులాగి మళ్లీ అడిగేవారు. గుర్తు చేసుకోవడమంటే బీరువాలోంచి కాగితం తీయడం కాదు. తీసిన ప్రతిసారీ మెదడు ఆ జ్ఞాపకాన్ని కొత్తగా కూర్చుకుని మళ్లీ దాచుకుంటుంది, ఆ శ్రమ వల్లే అది గట్టిపడుతుంది. కాబట్టి ఒక అధ్యాయం కాగానే పుస్తకం మూసి, తెల్లకాగితం మీద గుర్తున్నంత రాయండి. రాయలేకపోయినవి చూసుకుని, మర్నాడు ఒకసారి, వారానికి ఒకసారి అలాగే రాయండి.

తెలిసిన దారి తప్పడం, డబ్బు లెక్కల్లో పొరపాట్లు, అడిగిందే పదేపదే అడగడం వంటివి ఇంట్లోవారు గమనిస్తే న్యూరాలజిస్టును త్వరగా కలవాలి. ఉన్నట్టుండి మాట తడబడినా, మూతి వంకర పోయినా, ఒక పక్క చెయ్యి కాలు పట్టు తప్పినా కేజీహెచ్ అయినా, దగ్గర్లో స్ట్రోక్‌కు చికిత్స చేసే మరే పెద్దాసుపత్రి అయినా సరే, ఆ నిమిషమే బయల్దేరాలి.

ఈ వారంలోనే మీ డాక్టరును కలవండి. వాడుతున్న మాత్రల పట్టీలన్నీ ఒక సంచిలో వేసుకుని వెళ్లండి, మీ ఇంట్లోవారిని కూడా వెంట తీసుకెళ్లండి. నిద్రలో మీకు గురక వస్తుందో, మధ్యలో ఊపిరి ఆగుతుందో చెప్పగలిగేది వారే.

– న్యూరాలజిస్టు, విశాఖపట్నం