పాపతో కౌస్టినెన్ ఉత్సవానికి వెళ్ళొచ్చా?

ఫిన్లాండ్‌లోని కౌస్టినెన్ ఊళ్ళో జరిగే జానపద సంగీత ఉత్సవానికి హెల్సింకీ నుంచి అంత దూరం వెళ్ళడం దండగేమో, ఫిన్నిష్ రాకపోతే పాపకి బోర్ కొడుతుందేమో అని అడిగారు కదా. తప్పకుండా వెళ్ళండి. పాప కర్ణాటక వయొలిన్ నేర్చుకుంటోందన్నారు కాబట్టి ఇంకా మంచిది, అక్కడ వినేది ఎక్కువగా వాయిద్యమే, భాషతో పెద్దగా పని పడదు.

కొక్కొలాలో ట్రైన్ దిగితే అక్కడి నుంచి యాభై కిలోమీటర్ల లోపే. కౌస్టినెన్ జనాభా నాలుగు వేల పైచిలుకే, జూలైలో ఉత్సవానికి ఎక్కడెక్కడి నుంచో వస్తారు కాబట్టి రూము ముందే చూసుకోండి. మేము కొక్కొలాలో ఉండి రోజూ వెళ్ళొచ్చాం.

పెద్ద స్టేజీల దగ్గరే కూర్చోకండి, ఇది మాత్రం గట్టిగా చెప్తాను. నాకు బాగా నచ్చింది బయట ఆవరణలో వాయించుకునేవాళ్ళు. ఒకరు పోల్స్కా అనే నాట్యపు బాణీ మొదలుపెడతారు, పక్కనున్నవాళ్ళు వయొలిన్ తీసి కలుస్తారు, తాతల వయసువాళ్ళూ బడిపిల్లలూ ఒకే వరసలో, అందరి కాళ్ళూ నేలమీద తాళం వేస్తూనే ఉంటాయి. వెనక హార్మోనియం ఉంటుంది, అచ్చం మన పద్యనాటకాల్లో వాడే లెగ్ హార్మోనియంలా కాళ్ళతో తొక్కేదే, అది చూసి మా ఆవిడ ఎంత సంబరపడిందో!

అక్కడ ఫిడేలు వాయించేవాళ్ళని పెలిమన్ని అంటారు, పూర్వం పెళ్ళిళ్ళన్నీ వాళ్ళతోనే నడిచేవి. వాళ్ళలో కోన్‌స్టా యుల్హా అనే ఆయన 1946లో మొదలైన బృందంతో దేశమంతా పేరు తెచ్చుకున్నాడు, 1968 నుంచి ఉత్సవం జరుగుతోంది, 2021లో యునెస్కో ఈ ఫిడేలు సంప్రదాయాన్ని తన వారసత్వ జాబితాలో చేర్చింది. అయితే నా దృష్టిలో ఇదంతా నిలబడింది పిల్లల వల్లే. మౌనో యార్వెలా అనే ఫిడేలు విద్వాంసుడు 1980లలో మొదలుపెట్టిన న్యాప్పారి పద్ధతిలో 'నువ్వు పనికిరావు' అని ఎవర్నీ పక్కన పెట్టరు. నిన్నగాక మొన్న మొదలుపెట్టిన పిల్లకి అదే పాటలో తేలికైన భాగం ఇస్తారు, బాగా వచ్చినవాళ్ళు కష్టమైనది పట్టుకుంటారు, అంతా కలిసే వాయిస్తారు. మన దగ్గర ఏళ్ళ తరబడి వర్ణాలు దాటితే గానీ పదిమందిలో కూర్చోబెట్టం, చిన్నపిల్లల విషయంలో వాళ్ళ పద్ధతే నాకు నచ్చింది.

పాప వయొలిన్ వెంట తీసుకెళ్ళండి. పిల్లల కోర్సులకి ముందుగా పేరు ఇవ్వాలేమో నిర్వాహకులకి ఇప్పుడే ఒక మెయిల్ పెట్టి కనుక్కోండి, సాయంత్రాలు చలేస్తుంది, జాకెట్ మర్చిపోకండి.