తేనె కప్‌కేక్‌లు చేస్తానని మాటిచ్చేసిన మా అమ్మాయికి

చిన్నీ,

అక్క కూతురి మొదటి పుట్టినరోజుకి తేనెటీగల థీమ్‌తో కప్‌కేక్‌లు నేనే చేస్తానని అందరి ముందూ చెప్పేశానని, ఇప్పుడు టెన్షన్‌గా ఉందని రాశావు. కేక్ సంగతి తర్వాత, ముందు పాప సంగతి చెప్తాను. వేడుక ఆదివారం పెట్టుకున్నారు, పాపకి ఏడాది నిండేది బుధవారం. ఏడాది నిండని పిల్లలకి తేనె పెట్టకూడదు, నాలిక మీద రాయడం కూడా వద్దు. తేనెలో ఒక్కోసారి బొట్యులిజం అనే జబ్బు తెచ్చే బ్యాక్టీరియా బీజాలుంటాయి, మన కడుపుకి అవి ఓ లెక్క కాదు గానీ పసిపిల్లల పేగుల్లో పెరిగి విషం తయారుచేస్తాయి. ఓవెన్‌లో ఉడికాక ఇంకేముంటుందిలే అనుకోకు, ఓవెన్ ఎంత వేడిగా ఉన్నా కేక్ లోపల వంద డిగ్రీలు దాటదు, ఆ బీజాలు ఆ వేడికి చావవు. కాబట్టి పాప కోసం పిండిలోనూ పైనా తేనె లేకుండా రెండు కప్‌కేక్‌లు విడిగా కలిపి, వేరే రంగు కాగితం కప్పుల్లో పోసి పెట్టు, ఎవరూ పొరపాటున మార్చకుండా. మూడు రోజులకే ఏమవుతుందే అనేవాళ్లుంటారు, అననీ.

ఇక మిగతావాళ్లకి. తేనె కేక్ అనగానే చాలామంది చేసేది చక్కెర మొత్తం తీసేసి దాని బదులు తేనె పోసేయడం. అప్పుడు కేక్ పైన నల్లగా మాడుతుంది, లోపల బంకగా ఉంటుంది. తేనెలో పదిహేడు, పద్దెనిమిది శాతం దాకా నీరే, పైగా చక్కెర కన్నా తొందరగా రంగు తిరుగుతుంది. అందుకే నేను కొంత చక్కెర, కొంత తేనె వేస్తాను, పాలు తగ్గిస్తాను, ఓవెన్ వేడి కూడా తగ్గిస్తాను.

డజను కప్‌కేక్‌లకి కొలత రాసుకో. మైదా 150 గ్రాములు, బటర్ 110 గ్రాములు, చక్కెర 60 గ్రాములు, తేనె నాలుగు టేబుల్‌స్పూన్లు (తూచితే 80 గ్రాముల పైచిలుకు), గుడ్లు రెండు, పాలు 60 మిల్లీలీటర్లు, బేకింగ్ పౌడర్ ఒక టీస్పూన్, బేకింగ్ సోడా పావు టీస్పూన్, చిటికెడు ఉప్పు. సోడా ఎందుకంటే తేనెకి కాస్త పులుపు గుణం ఉంది, సోడా దాన్ని సరిచేసి కేక్‌ని పొంగేలా చేస్తుంది. స్పూనుకి ముందు కొంచెం నూనె రాస్తే తేనె అంటుకోకుండా జారిపోతుంది. సీసాలో తేనె పేరుకుపోయి ఉంటే పాడైందని పారేయకు, గోరువెచ్చటి నీళ్ల గిన్నెలో పెడితే కరుగుతుంది.

బటర్, గుడ్లు, పాలు ముందే బయట పెట్టుకో. బటర్ వేలితో నొక్కితే గుంట పడాలి గానీ కారిపోకూడదు. బటర్, చక్కెర, తేనె కలిపి తెల్లగా తేలికగా అయ్యేదాకా గిలకొట్టి, గుడ్లు ఒక్కొక్కటిగా వెయ్యి. ఈ దశలో విరిగినట్టు కనిపిస్తుంది, కంగారుపడకు, మైదా పడగానే సర్దుకుంటుంది. బేకింగ్ పౌడర్, సోడా, ఉప్పు కలిపిన మైదా, పాలు వేశాక మాత్రం బీటర్ పక్కన పెట్టి గరిటెతో, తెల్ల చారలు పోయేవరకే కలుపు, ఎక్కువ కలిపితే కేక్ సాగుతుంది. కప్పుల్లో మూడింట రెండు వంతులే నింపు. మామూలు కప్‌కేక్‌లకి ఓవెన్ 175 డిగ్రీల సెల్సియస్ పెడతావు కదా, దీనికి 160 చాలు, పద్దెనిమిది నుంచి ఇరవై నిమిషాలు. పైన ఎర్రబడింది కదా అని తీసేయకు, తేనె కేక్ రంగు చూసి మోసపోవద్దు, టూత్‌పిక్ గుచ్చి చూడు, పొడిగా రావాలి.

నిజం చెప్పాలంటే పిండిలో కలిపిన తేనె వాసన చాలా మటుకు ఓవెన్‌లోనే పోతుంది. నోటికి తగిలేది పైన పూసిన తేనే. కాబట్టి ముదురు రంగు, ఘాటైన తేనె ఉంటే దాన్ని పైకి దాచుకో, చవకదీ లేతదీ పిండిలో వేసేయ్. కప్‌కేక్‌లు బయటికి తీసిన ఐదు నిమిషాలకి, ఇంకా వేడిగా ఉండగానే పుల్లతో నాలుగైదు చోట్ల గుచ్చి, కొంచెం వెచ్చబెట్టిన తేనె బ్రష్‌తో పూయి. ఇంకో మంచి సంగతి, తేనె తేమని పట్టి ఉంచుతుంది, అందుకే ఈ కేక్ మర్నాడు ఇంకా మెత్తగా ఉంటుంది. శనివారం చేసి పెట్టేసుకో, ఆదివారం అలంకరణ చూసుకో.

క్రీమ్‌కి 150 గ్రాముల బటర్, 250 గ్రాముల ఐసింగ్ షుగర్, చిటికెడు ఉప్పు, రెండు టేబుల్‌స్పూన్ల తేనె. అంతకు మించి తేనె వెయ్యకు, జారుతుంది. జారితే ఐసింగ్ షుగర్ గుమ్మరించే బదులు గిన్నెని పావుగంట ఫ్రిజ్‌లో పెట్టి మళ్లీ గిలకొట్టు. రంగు జెల్ కలర్ అయితే టూత్‌పిక్ మొనకి అంటినంత చాలు, నీళ్ల రంగు పోస్తే క్రీమ్ విరిగే అవకాశం ఉంది.

అలంకరణకి వస్తే, నువ్వు పంపిన ఫోటోల్లో ఒక్కో కప్‌కేక్ మీద తేనెటీగ, తేనెపట్టు, పువ్వు, పైనుంచి కారే తేనె అన్నీ ఉన్నాయి. అన్నీ పెడితే ఏదీ కనపడదు. సగం కప్‌కేక్‌లకి క్రీమ్‌తో గోపురంలా చుట్టిన తేనెతుట్టె, సగానికి చాక్లెట్‌తో చేసిన తేనెపట్టు ముక్క, వాటికి తోడు తేనెటీగ, అంతే. తుట్టె కోసం క్రీమ్ ఒత్తే సంచి (పైపింగ్ బ్యాగ్) మొనకి పెట్టే నాజిల్ నక్షత్రం ఆకారంది కాదు, సాదా గుండ్రటిది తీసుకో. పైపింగ్ బ్యాగ్ నిటారుగా పట్టుకుని అంచు నుంచి చుట్టలు చుట్టుకుంటూ, ఒక్కో చుట్టా కిందిదాని కంటే కాస్త లోపలికి, నాలుగు చుట్టల్లో పైకి చేరి ఒత్తడం ఆపేసి అప్పుడు ఎత్తు. ఒత్తుతూనే ఎత్తితే తోక వస్తుంది. ఒక పక్కన చాక్లెట్ చుక్క అతికిస్తే అదే ద్వారం.

తేనెపట్టు ముక్కకి వైట్ చాక్లెట్ కరిగించి, కొత్త బబుల్ వ్రాప్‌ని కడిగి పూర్తిగా ఆరబెట్టి దాని బుడగల మీద పలచగా పరిచి, ఫ్రిజ్‌లో గట్టిపడ్డాక వెనక నుంచి మెల్లగా ఒలువు. ఆ గుంటలు అచ్చం పట్టు గదుల్లా వస్తాయి. చాక్లెట్‌లో వేసే రంగు నూనెతో చేసిందై ఉండాలి, నీటి చుక్క పడినా చాక్లెట్ ముద్ద కడుతుంది.

తేనెటీగలకి బాదంపప్పు మీద చాక్లెట్ గీతలు గీసి, బాదం రేకులు రెక్కలుగా గుచ్చడం తేలిక, చూడముచ్చటగానూ ఉంటుంది. కానీ ఆ రోజు ఇంటినిండా చిన్నపిల్లలు, బాదం గొంతుకి అడ్డం పడుతుంది. పసుపు ఫాండెంట్‌ని (చక్కెరతో చేసిన మెత్తటి ముద్ద) చిక్కుడు గింజంత చేసి కోడిగుడ్డు ఆకారంలో నొక్కి, కరిగించిన చాక్లెట్‌తో రెండే రెండు గీతలు గియ్యి. మూడో గీతకి చోటు చాలదు, అలుక్కుపోతుంది. రెక్కలకి తెల్ల ఫాండెంట్ పలచగా ఒత్తి చిన్న ముక్కలు కోసుకో. ఇవి రెండు రోజుల ముందే చేసి గాలి తగిలేలా ఆరబెట్టొచ్చు, ఫ్రిజ్‌లో మాత్రం పెట్టకు, చెమ్మ పట్టి బంకగా అవుతాయి. ఫ్రిజ్‌లో పెట్టాల్సింది చాక్లెట్‌తో చేసిన పట్టు ముక్కలే.

క్రీమ్ మీద తేనె ధార పోయాలనుందన్నావు. పోసుకో, కానీ పళ్లెంలో పెట్టి అందించే ముందు, ఒక్కో దానికి అర టీస్పూన్ లోపు. ముందే పోస్తే మెల్లగా కిందికి జారి కాగితం కప్పులోకి చేరి, తినేవాళ్ల వేళ్లన్నీ జిగురు.

కేక్ పూర్తిగా చల్లారకుండా క్రీమ్ పెట్టకు. అక్క ఇంటికి తీసుకెళ్లేటప్పుడు కప్‌కేక్‌లు ఒకదానికొకటి ఆనుకునేలా లోతైన డబ్బాలో సర్దు, తేనెటీగలు, పట్టు ముక్కలు విడిగా చిన్న డబ్బాలో పెట్టుకుని అక్కడికెళ్లాక గుచ్చు. పాప రెండు కప్‌కేక్‌లకీ ఇంకో డబ్బా, దాని మూత మీద పాపకి అని పెద్ద అక్షరాలతో రాసి.

పెద్దమ్మ