డిక్కీ చోటు పోకుండా పాత అంబాసిడర్‌లో సబ్‌వూఫర్ బిగించవచ్చా?

పాటల్లో బేస్ బాగా వినబడాలి, కానీ డిక్కీలో చోటు ఏమాత్రం తగ్గకూడదు, అది కుదురుతుందా అని మీరు అడిగారు. కుదురుతుంది. నా 1978 నాటి మార్క్ 3 అంబాసిడర్‌లో ముందు సీటు కింద పలుచని సబ్‌వూఫర్ (బేస్, అంటే మంద్రమైన ధ్వని, పలికించడానికే ఉండే స్పీకరు) ఒకటి నాలుగేళ్లుగా పనిచేస్తోంది, డిక్కీ ఎప్పటిలాగే ఖాళీగా ఉంది. అయితే దానికి ముందు ఒకసారి చేతులు కాల్చుకున్నాను కనుక ఆ సంగతి కూడా చెబుతాను.

మొదట ఒక దుకాణంలో చెప్పిన మాట విని పన్నెండు అంగుళాల స్పీకరున్న చెక్కపెట్టెను డిక్కీలో పెట్టించాను. మోతకు కొదవ లేదు గానీ, ఆ వేసవిలో నూజివీడు తోటల నుంచి మామిడిపండ్లు తెచ్చేటప్పుడు రెండు బుట్టలు డిక్కీలో పట్టక వెనుక సీటెక్కాయి, మా అమ్మగారు దారి పొడుగునా వాటిని పట్టుకునే కూర్చున్నారు. మర్నాడే పెట్టె ఊడదీయించాను.

చిన్న పెట్టె, లోతైన బేస్, తక్కువ కరెంటుతో ఎక్కువ మోత, ఈ మూడింటిలో రెండే దొరుకుతాయి, మూడోదాన్ని వదులుకోవాలి. సీటు కింద పట్టే ఎనిమిది అంగుళాల పలుచని రకం బేస్‌లో కొంత లోతును వదులుకుంటుంది. నాకు దానివల్ల పెద్ద లోటు కనిపించలేదు. నేను వినేది ఎక్కువగా ఇళయరాజా గారి పాటలు, వాటిలో నాకు కావలసింది బేస్ గిటార్. మామూలు నాలుగు తీగల బేస్ గిటార్‌లో అన్నిటికంటే మందమైన తీగ పలికేది సుమారు 41 హెర్ట్జ్ (సెకనుకు 41 కంపనాలు), మిగిలిన స్వరాలన్నీ దానికి పైనే. గుండెలు అదిరే డీజే మోత కావాలంటే మాత్రం ఈ పద్ధతి మీకు పనికిరాదు.

సబ్‌వూఫర్ వెనుకే ఉండాలన్నది కూడా అపోహే. 80 హెర్ట్జ్ కంటే కింది ధ్వని ఏ దిక్కు నుంచి వస్తోందో చెవి దాదాపు పోల్చుకోలేదు. ధ్వనికి బలమిచ్చే ఆంప్లిఫయర్ లోపలే ఉన్న జేబీఎల్ బేస్‌ప్రో ఎస్‌ఎల్ వంటివి ఏడు సెంటీమీటర్ల ఎత్తే ఉంటాయి. అయితే కొనే ముందు సీటు కింద ఖాళీ సీటుతో కొలవకండి. అంబాసిడర్ ముందు సీటు బెంచీ, దాని స్ప్రింగులు ముసలివి. నా బండిలో ఖాళీగా ఉన్నప్పుడు పదమూడు సెంటీమీటర్లున్న సందు, ఎనభై అయిదు కిలోల మా బావగారు కూర్చోగానే తొమ్మిదికి దిగింది. మీ ఇంట్లో అందరికంటే బరువైనవారిని కూర్చోబెట్టి, సీటును ముందుకూ వెనక్కూ జరిపి కొలవండి. వర్షాకాలంలో ఈ బండ్ల ఫ్లోరులోకి నీళ్లు దిగడం మీకు తెలిసిందే కాబట్టి, యూనిట్‌ను కార్పెట్ మీద నేరుగా పెట్టకుండా, ఒక సెంటీమీటరు మందం రబ్బరు ముక్కల మీద ఎత్తి బిగించండి.

అసలు చిక్కు చోటుతో కాదు, కరెంటుతో. నా బండిలో అప్పట్లో కరెంటు పుట్టించేది ఆల్టర్నేటర్ కాదు, పాతకాలపు లూకాస్ డైనమో. పూర్తి వేగంలో అది ఇచ్చేది ఇరవై రెండు ఆంపియర్లు, ఐడిల్‌లో దాదాపు ఏమీ ఇవ్వదు. హెడ్‌లైట్లకు ఎనిమిది, తొమ్మిది, వైపరుకు రెండు మూడు, ఇగ్నిషన్‌కు మూడు నాలుగు పోగా మిగిలేది ఎంతో మీరే లెక్కవేసుకోండి. పెద్ద పెట్టె ఉన్న రోజుల్లో విజయవాడ రోడ్డు మీద జోరు వానలో, టోల్‌గేటు దగ్గర నిలిచిపోయిన ట్రాఫిక్‌లో, దరువు పడ్డ ప్రతిసారీ హెడ్‌లైట్లు మసకబారుతుంటే చూసి నవ్వుకున్నాను. ఇరవై నిమిషాల తరువాత ఇంజను ఆగిపోయి, నలుగురం దిగి తడుస్తూ తోసినప్పుడు నవ్వు రాలేదు. తరువాత డైనమో తీయించి లూకాస్ టీవీఎస్ ఆల్టర్నేటర్ పెట్టించాను, డైనమో కరెంటును అదుపు చేసే పాత రెగ్యులేటర్ డబ్బా పక్కకు పోయింది. మీ బండికి ఇంకా డైనమోనే ఉంటే ముందు ఆ పని చేయించండి. అలాగే బ్యాటరీలో ఏ టెర్మినల్ బాడీకి కలిసి ఉందో చూడండి. ఆ కాలపు కొన్ని బండ్లలో పాజిటివ్ ఎర్త్ ఉండేది, అంటే పాజిటివ్ టెర్మినలే బాడీకి కలిసేది, చూసుకోకుండా కలిపితే ఆంప్లిఫయర్ కాలిపోతుంది.

వైరు విషయంలో పీనాసితనం వద్దు. ఎనిమిది గేజి స్వచ్ఛమైన రాగి వైరును బ్యాటరీ నుంచి నేరుగా లాగి, బ్యాటరీకి అడుగున్నర లోపే ఫ్యూజ్ పెట్టించండి. చవగ్గా దొరికేవాటిలో రాగి పూసిన అల్యూమినియం వైరు ఎక్కువ, కొస గీకితే లోపల తెల్లగా కనబడుతుంది. ఎర్త్ తీగను పెయింటు గీకిన రేకుకు బోల్టుతో బిగించాలి, లేకపోతే ఇంజను వేగంతో పాటు స్పీకర్లలో ఈల పెరుగుతుంది.

వెనుక అద్దం కింది పలక కోసి, డిక్కీనే పెట్టెగా వాడుకునేలా పది అంగుళాల స్పీకరు దించమని కొందరు చెబుతారు. ధ్వని పరంగా అది మంచి ఉపాయమే, చోటూ పెద్దగా పోదు. కానీ నేను రేకు కోయనివ్వను. 2021లో వచ్చిన కేంద్ర నిబంధనల ప్రకారం యాభై ఏళ్లు నిండిన బండిని వింటేజ్‌గా నమోదు చేయించాలంటే ఛాసీ, బాడీ షెల్, ఇంజను పెద్ద మార్పులు లేకుండా అసలు రూపంలో ఉండాలి. నా బండికి 2028లో ఆ వయసొస్తుంది. సీటు కింద యూనిట్ అయితే నాలుగు స్క్రూలు విప్పితే చాలు, బండి మళ్లీ పాత బండే.

బిగించాక సబ్‌వూఫర్‌కు కింది ధ్వనినే పంపే లో-పాస్ ఫిల్టర్‌ను 80 హెర్ట్జ్ దగ్గర ఉంచి, ముందు స్పీకర్లకు అంతకంటే కింది ధ్వని వెళ్లకుండా స్టీరియోలోనే ఆపండి, ఆ చిన్న స్పీకర్లు కూడా తేరుకుంటాయి. స్పీకరు కదలికను తిరగేసే ఫేజ్ స్విచ్చి రెండు వైపులా మార్చి విని, బేస్ నిండుగా వినిపించిన వైపు వదిలేయండి. బేస్ పెంచి తగ్గించే రిమోట్ నాబ్‌ను మాత్రం డాష్‌బోర్డు కింద చోక్‌కు దూరంగా బిగించండి. మా మేనమామ ఒక చలికాలపు ఉదయం దాన్నే చోక్ అనుకుని, వైరుతో సహా పీకి చేతిలో పట్టుకుని నన్ను పిలిచారు.