వడదెబ్బ తగిలిన గేదెకు ఇంటి దగ్గర ఎలాంటి జాగ్రత్తలు తీసుకోవాలి?

ప్రశ్న: మా ముర్రా గేదె ఎండలో మేస్తూ కూలబడింది. పశువైద్యులు చూసేసరికి ఒళ్లు 107 డిగ్రీలుంది. సెలైన్లు ఎక్కించాక లేచింది. ఇది మూడో రోజు. పాలు సగమయ్యాయి, మేత ముట్టీ ముట్టనట్టు తింటోంది. దాణా పెంచమంటారా? మళ్లీ ఒళ్లు కాలితే జ్వరం మాత్ర వేయవచ్చా?

జవాబు: రెండూ వద్దు. ఒంట్లో పేరుకున్న వేడి బయటికి పోక వచ్చేది వడదెబ్బ. జ్వరం మాత్రతో అది దిగదు. పైగా నీరు తగ్గి దెబ్బతిన్న మూత్రపిండాలకు ఆ మందు ఇంకా చేటు.

రొప్పుతూ చొంగ కార్చినప్పుడు లాలాజలంలోని సోడా చాలా పోతుంది. ఆ స్థితిలో దాణా ఎక్కువైతే పొట్టలో పులిసి, తినే కాస్తా మానేస్తుంది. నాలుగైదు రోజులు మామూలు దాణాలో మూడో వంతే పెట్టండి. అందులో రోజుకు 50 గ్రాముల తినే సోడా, 50 గ్రాముల ఖనిజ లవణ మిశ్రమం కలపండి. లేత పచ్చిమేతతో కొంచెం ఎండుగడ్డి కలిపి తెల్లవారుజామున, రాత్రి వేయండి. మేత అరిగేటప్పుడు పుట్టే వేడి మధ్యాహ్నపు ఎండకు తోడవకూడదు. నెమరు నిలకడగా వేస్తుంటే దాణా రోజుకు అరకిలో చొప్పున పెంచవచ్చు.

చల్లని మంచినీళ్లు రోజంతా అందుబాటులో ఉంచండి. పక్కనే 20 లీటర్ల నీళ్లలో 100 గ్రాముల ఉప్పు కలిపి పెడితే కావలసినంత అదే తాగుతుంది. గొట్టంతో బలవంతంగా పోయకండి. నీరసంగా ఉన్న గేదెకు నీళ్లు ఊపిరితిత్తుల్లోకి పోతాయి.

గేదెకు నల్లని చర్మం, చెమట గ్రంథులు తక్కువ. కాబట్టి పది రోజుల పాటు ఎండకు తోలకండి. ఉదయం 10 నుంచి సాయంత్రం 5 వరకు గంటకోసారి ఒళ్లు తడిపి ఫ్యాన్ గాలి తగలనివ్వండి. చాలామంది తడి గోనెపట్టా వీపు మీద కప్పి వదిలేస్తారు. గాలి ఆడకపోతే కాసేపటికే అది వేడెక్కి దుప్పటిలా పనిచేస్తుంది. ఆ పట్టాలు పాక పక్కల కట్టండి, గాలి మాత్రం ఆగకూడదు.

ఉదయం, మధ్యాహ్నం 3 గంటలకు థర్మామీటరును మలద్వారంలో లోపలి గోడకు ఆనించి పెట్టి చూడండి. పేడ ముద్దలో గుచ్చితే లెక్క తప్పుతుంది. 101-102 ఉంటే సరే. 103 దాటితే వెంటనే ఒంటి మీద నీళ్లు పోయండి. అరగంటలో దిగకపోయినా, మూత్రం కాఫీ రంగులో వచ్చినా, పేడలో రక్తం కనిపించినా, నడక తూలినా పశువైద్యులను పిలవండి. చూడిదైతే ఈసుకుపోయే (గర్భం పోయే) ప్రమాదముంది, ఆ సంగతి ముందే చెప్పండి.

పాలు నెమ్మదిగానే పెరుగుతాయి. ఇచ్చిన ఇంజెక్షన్లను బట్టి ఎన్ని రోజులు పాలు వాడకూడదో కూడా వారినే అడగండి.